కళింగపట్నం తీరానికి ఒక రోజు ఎలా వెళ్లి రావాలి

వాయుగుండం పట్టిన రోజుల్లో రేడియోలోనో టీవీలోనో వాతావరణ వార్తలు విన్నవారికి కళింగపట్నం పేరు కొత్త కాదు. “కళింగపట్నానికి ఆగ్నేయంగా ఇన్ని కిలోమీటర్ల దూరంలో కేంద్రీకృతమై ఉన్నది” అన్న మాట, ఆ వెనుకనే కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల్లో ఎగురవేసిన ప్రమాద సూచికల నంబర్లు, మన ఇళ్లల్లో దశాబ్దాలుగా వినిపిస్తూనే ఉన్నాయి. సరుకు ఓడలు రావడం మానివేసి ఎంతో కాలమైనప్పటికీ తుపాను వార్తల్లో మాత్రం ఆ ఊరు నేటికీ రేవుగానే నిలిచి ఉంది. ఆ పేరు విన్నవారు వేలమంది ఉన్నా, అక్కడికి వెళ్లి వంశధార సముద్రంలో కలిసే చోట నిలబడి చూసినవారు తక్కువే.

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. అందులో బారువ, భావనపాడు వంటి మంచి తీరాలు ఇంకా ఉన్నప్పటికీ, మొదటిసారి వచ్చేవారికి నేను కళింగపట్నాన్నే సూచిస్తాను. నది, పాత రేవు, బౌద్ధుల కొండ, కూర్మనాథుని ఆలయం, ఇవన్నీ ఒకే రోజున తొందరపడకుండా చూడగలిగినంత దగ్గరగా ఉన్న చోటు ఈ జిల్లాలో మరొకటి లేదు. అయితే ఏది ముందు చూడాలి, ఏది తరువాత చూడాలి అన్నది తెలియకుండా బయలుదేరినవారు మిట్టమధ్యాహ్నం కాలిన ఇసుకలో దిగి, పది నిమిషాలు నిలబడి, నాలుగు ఫోటోలు తీసుకుని తిరిగి వెళ్లిపోవడం నేను అనేకసార్లు చూశాను. వారికోసమే ఈ వరుస రాస్తున్నాను.

ముందుగా కాలాన్ని ఎంచుకోండి

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు ఉండే కాలం అన్ని విధాలా మేలైనది. ఎండ తీవ్రత ఉండదు, గాలి పొడిగా ఉంటుంది, తెల్లవారుజామున సముద్రం మీద పలుచని మంచు తెర కనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఎనిమిది దాటితే ఇసుక మీద చెప్పులు లేకుండా నడవలేరు. పైగా తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల చేపల వేటపై నిషేధం ఉంటుంది కనుక, ఆ రెండు నెలల్లో బోట్లు ఒడ్డునే ఉంటాయి. మత్స్యకారుల పనిపాటలు చూడాలనుకునేవారు ఆ రోజులను మినహాయించుకోవాలి.

అక్టోబరు నెల విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ జిల్లాలోనే తీరం దాటి కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలమట్టం చేసింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటింది. బయలుదేరే ముందురోజు సాయంత్రం వాతావరణ శాఖ ప్రకటన చూడండి. ఏ రేవులోనైనా సరే, ఒకటో నంబరు సూచికే అయినా సరే, ఎగిరిందని వింటే ప్రయాణాన్ని వాయిదా వేసుకోండి. అది దూరాన ఉన్న తుపాను గురించే చెప్పినప్పటికీ, అలల ఉధృతి ఒడ్డుకు ముందుగానే చేరుతుంది.

కార్తీక మాసంలో ఆదివారాలు, సంక్రాంతి పండుగలో కనుమ, ముక్కనుమ రోజులు పిక్నిక్‌లకు వచ్చే కుటుంబాలతో నిండిపోతాయి. మాఘ పౌర్ణమినాడు సముద్రస్నానానికి వచ్చేవారి రద్దీ చెప్పనక్కరలేదు. ఆ సందడి కావాలనుకునేవారు ఆ రోజుల్లోనే వెళ్లవచ్చు, దానికదే ఒక అందం. ఊరి సహజ స్థితిని చూడాలనుకుంటే మాత్రం మామూలు పనిదినం ఎంచుకోండి.

చేరుకునే మార్గం

రైలులో వచ్చేవారు దిగవలసిన స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్. అది శ్రీకాకుళం పట్టణంలో లేదు, సుమారు 13 కిలోమీటర్ల దూరాన ఆమదాలవలసలో ఉంది. ఈ సంగతి తెలియక తెల్లవారుజామున దిగి, ఎదురుగా పట్టణం కనిపించక కంగారుపడేవారు ఇప్పటికీ ఉన్నారు. అక్కడి నుంచి బస్సులు, ఆటోలు దొరుకుతాయి. విశాఖపట్నం నుంచి జాతీయ రహదారి మీద శ్రీకాకుళం సుమారు 110 కిలోమీటర్లు, విజయనగరం నుంచి సుమారు 70 కిలోమీటర్లు. శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి గార వైపు సాగే దారిలో దాదాపు పాతిక కిలోమీటర్లు ప్రయాణిస్తే కళింగపట్నం చేరుకుంటారు.

సూర్యోదయం చూడాలంటే బస్సును నమ్ముకోవడం కష్టం. ముందురోజు రాత్రి శ్రీకాకుళంలో బస చేసి, ఆటోనో కారునో రోజంతటికీ మాట్లాడుకోవడం మంచిది. మాట్లాడుకునేటప్పుడు “కళింగపట్నం, శాలిహుండం, శ్రీకూర్మం, తిరిగి టౌను” అని నాలుగు పేర్లూ స్పష్టంగా చెప్పి, ఆగే సమయంతో సహా ధర తేల్చుకోండి. కొండ దగ్గర నిలబడి బేరం మొదలుపెడితే ఇద్దరికీ మనస్తాపమే మిగులుతుంది.

తెల్లవారేసరికి ఇసుక మీద ఉండండి

జనవరిలో ఇక్కడ సూర్యుడు ఉదయం ఆరున్నర ప్రాంతంలో ఉదయిస్తాడు. జూన్‌లో అయితే అయిదుంబావు దాటగానే వెలుగు వచ్చేస్తుంది. ఏ నెలలో వెళ్లినా ఆ సమయానికి అరగంట ముందే ఒడ్డుకు చేరండి. సూర్యబింబం పైకి వచ్చే క్షణం కంటే, దానికి ముందు నీటి రంగు బూడిద నుంచి రాగికి, రాగి నుంచి వెండికి మారే ఆ ఇరవై నిమిషాలే నాకు ఎక్కువ విలువైనవిగా తోస్తాయి.

చేరగానే చేయవలసిన మొదటి పని నీళ్లలోకి పరుగెత్తడం కాదు. ఒడ్డున నిలబడి, కనీసం పది నిమిషాలపాటు అలలను గమనించండి. అలలు తెల్లగా విరిగిపడుతున్న వరుసలో ఎక్కడైనా నురగ లేకుండా, కాస్త ముదురు రంగులో, ప్రశాంతంగా కనిపించే పాయ ఉన్నదేమో చూడండి. చూడడానికి అదే స్నానానికి అనువైన చోటుగా అనిపిస్తుంది. నిజానికి ఒడ్డుకు కొట్టుకొచ్చిన నీరంతా తిరిగి లోనికి లాక్కుపోయే దారి అదే. అక్కడ మోకాలి లోతులో నిలబడినవారిని సైతం ఆ లాగుడు కిందపడవేయగలదు. పొరపాటున దానిలో చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదకుండా, నీటి మీద తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు జరగాలి. ఆ పాయ వెడల్పు సాధారణంగా తక్కువే ఉంటుంది కనుక, దాని నుంచి తప్పుకున్న తరువాత అలలే మిమ్మల్ని ఒడ్డుకు చేరుస్తాయి. ఈ మాటను పిల్లలకు కారులో ఉండగానే చెప్పండి. నీళ్లు కనిపించాక వారికి మన మాట వినిపించదు.

ఉత్తరం వైపు ఇసుక మీద నడుస్తూ పోతే వంశధార సముద్రంలో కలిసే మొగ వస్తుంది. ఒడిశా కొండల్లో పుట్టి, ముఖలింగం పక్కగా ప్రవహించి, ఇక్కడికి చేరేసరికి ఆ నది చాలా నెమ్మదిగా కనిపిస్తుంది. దానిని చూసి మోసపోకండి. నా పన్నెండవ ఏట మా కుటుంబం కార్తీక మాసంలో ఇక్కడికి పిక్నిక్‌కు వచ్చినప్పుడు, మా మేనమామ కొడుకు మొగ దగ్గర పిక్కల లోతు నీటిలో నిలబడి గవ్వలు ఏరుతుండగా, కాలి కింద ఇసుక ఒక్కసారిగా జారి నడుము దాకా దిగిపోయాడు. పక్కనే వల విదిలించుకుంటున్న ఒక ముసలాయన రెండంగల్లో వచ్చి వాడి జబ్బ పట్టుకుని బయటకు లాగారు. మా మామయ్య చేతులు జోడించి “తాతా, నీ రుణం తీర్చుకోలేం” అంటే, ఆయన ఆ మాటను పట్టించుకోకుండా నీటివైపు చూపిస్తూ, “బాబూ, అటు ఎల్లకండి. పైకి సదరంగా అగుపిస్తాది గానీ లోన గుంటలుంటాయి. ఏటి నీరు ఏ పొద్దు ఏ పక్క కోసేస్తాదో మాకే తెలీదు” అన్నారు. నది తెచ్చే ఇసుకను సముద్రం తోస్తూ ఉంటుంది, సముద్రం తోసిన ఇసుకను నది కోస్తూ ఉంటుంది. అందువల్ల నిన్న గట్టిగా ఉన్న చోటు నేడు గుంట కావచ్చు. మొగను దూరం నుంచి చూడండి, పొడి ఇసుక మీద కూర్చుని ఎంతసేపైనా చూడండి, నీటిలో మాత్రం దిగవద్దు. పౌర్ణమి, అమావాస్యల దగ్గర పోటు, పాటు రెండూ ఎక్కువగా ఉంటాయి కనుక ఆ రోజుల్లో మరింత ఎడంగా ఉండాలి.

ప్రమాదం జరిగితే 112కు, అంబులెన్సుకు 108కు ఫోన్ చేయవచ్చు. అయితే అవి చేరేలోపు ఆదుకోగలిగినవారు ఒడ్డునున్న మత్స్యకారులే. అందుకే స్నానం చేయదలచినవారు మనుషులు ఉన్నచోటనే, వారిని అడిగి, మోకాళ్లు దాటని నీటిలోనే చేయండి.

ఒడ్డు ఎవరిదో గుర్తుంచుకుని నడవండి

మనకు ఇది విహార స్థలం. గంగపుత్రులకు ఇది పొలం, కళ్లం, సంత కూడా. ఎండబెట్టిన వల మీద అడుగు వేయవద్దు. దారం సన్నగా ఉండి ఇసుక రంగులో కలిసిపోతుంది కనుక కిందకు చూస్తూ నడవాలి. చెప్పు కొక్కెం తగిలి నాలుగు కళ్లు తెగితే వాటిని తిరిగి అల్లడానికి ఒక మనిషి పూట కూర్చోవాలి. ఆ అల్లే పనిని దగ్గరగా చూసే అవకాశం వస్తే వదులుకోవద్దు. వల అంచును కాలి బొటనవేలికి తగిలించి బిగువుగా పట్టుకుని, దారం చుట్టిన సూదిని ఒక కంటిలోంచి దూర్చి, ముడి బిగించి, మళ్లీ దూర్చి, లెక్క తప్పకుండా మాట్లాడుతూనే పని సాగిస్తారు. ఫోటో తీసుకోవాలంటే ముందు అడగండి. ఒడ్డున లాగి ఉంచిన బోటు ఎక్కి కూర్చోవడం, చెప్పులతో తెప్ప మీద నిలబడడం వారికి నచ్చని పనులు. అన్నం పెట్టే పడవకు వారు పసుపు కుంకుమలు పెడతారు.

ఉదయం బోట్లు తిరిగి వచ్చే వేళకు అక్కడ ఉంటే చేపలు కొనుక్కోవచ్చు. కవళ్లు, నెత్తళ్లు, అదృష్టం బాగుంటే వంజరం దొరుకుతాయి. తీసుకువెళ్లదలచినవారు మూత గట్టిగా ఉన్న డబ్బానూ ఐసునూ పట్టణం నుంచే తెచ్చుకోవాలి. పక్కనే ఇసుక మీద ఆరబోసిన నెత్తళ్లను కూడా చూస్తారు. ఒక్కొక్కటి చిటికెన వేలంత, తల దగ్గర నల్లగా, నడుమ వెండి గీతతో, ఎండేకొద్దీ వంపు తిరిగి గలగలలాడుతుంది. వాసన ఘాటుగానే ఉంటుంది, ముక్కు మూసుకుని మొహం చిట్లించకండి. ఆరబోసినది ఒకరి కష్టార్జితం, వారు పక్కనే కూర్చుని ఉంటారు.

జనవరి నుంచి మార్చి వరకు తెల్లవారుజామున వచ్చినవారికి ఇసుక మీద ట్రాక్టరు చక్రం జాడ వంటిది నీటి అంచు నుంచి పైకి, మళ్లీ పైనుంచి నీటిలోకి కనిపించవచ్చు. అది రాత్రి గుడ్లు పెట్టడానికి వచ్చి వెళ్లిన ఆలివ్ రిడ్లీ తాబేలు జాడ. ఒక్కొక్క గుంటలో వంద వరకు గుడ్లు ఉంటాయి, అవి పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. ఆ జాడను తొక్కవద్దు, గుంటను కెలకవద్దు. గుడ్లు తీయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఇక్కడికి కొద్ది దూరంలోనే శ్రీకూర్మంలో విష్ణువు కూర్మరూపంలో పూజలందుకుంటున్నాడు. ఆ గుడిలో దండం పెట్టుకోబోయే చేతులు ఇక్కడ గుడ్ల జోలికి పోకూడదని మా ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేవారు.

ఊరిలో లైట్‌హౌస్‌ను, అన్ని మతాలవారూ మొక్కుకునే మదీనా బాబా దర్గానూ చూడండి. కళింగపట్నం రేవు లోతైన నౌకాశ్రయం కాదు. ఓడలు దూరంగా లంగరు వేస్తే, సరుకు పడవల మీద ఒడ్డుకు చేరేది. ఇసుకలో నిలబడి లైట్‌హౌస్ వైపు చూసినప్పుడు ఈ సంగతి గుర్తుంటే, ఇప్పుడు ఖాళీగా కనిపించే నీరు మరోలా కనిపిస్తుంది.

ఎండ ముదరకముందే శాలిహుండం ఎక్కండి

టిఫిను ముగించుకుని తొమ్మిది గంటలలోపు తీరం వదలండి. పడమరగా, వంశధార కుడిగట్టున, అయిదారు కిలోమీటర్ల దూరంలో శాలిహుండం కొండ ఉంది. పిల్లలు, పెద్దలు ఎక్కగలిగినంత ఎత్తే అయినా పైన నీడ తక్కువ. టోపీ, ఒక్కొక్కరికి ఒక లీటరు మంచినీళ్లు తప్పనిసరిగా పట్టుకోండి.

ఈ కొండ మీది బౌద్ధ శిథిలాలను 1919లో మొదట గుర్తించినవారు గిడుగు వెంకట రామమూర్తి. వాడుక భాష కోసం పోరాడిన ఆయనను, సవర భాషకు సేవ చేసిన ఆయనను తెలుగువారంతా ఎరుగుదురు. ఈ జిల్లాలోనే, ఇదే వంశధార ఒడ్డున పర్వతాలపేటలో, 1863లో పుట్టిన మనిషి ఈ కొండ విలువను కూడా పసిగట్టారన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. తరువాతి తవ్వకాలలో స్తూపాలు, చైత్యగృహాలనే ప్రార్థనా మందిరాలు, అస్థికలు భద్రపరిచే ధాతు కరండాలు, తార, మారీచి వంటి దేవతల విగ్రహాలు బయటపడ్డాయి. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దం నుంచి క్రీస్తుశకం 12వ శతాబ్దం వరకు ఇక్కడ బౌద్ధం వర్ధిల్లిందని పురావస్తు శాస్త్రజ్ఞులు చెబుతారు. శాలిహుండం అన్న పేరు శాలివాటిక నుంచి, అంటే ధాన్యపు నిలయం అన్న అర్థం నుంచి వచ్చిందని కొందరు, అస్థికలు దాచిన శల్యపేటిక నుంచి వచ్చిందని మరికొందరు అంటారు. కింద వరిచేలు, పైన స్తూపాలు కనిపించే ఆ చోట నిలబడితే రెండు మాటలూ నమ్మబుద్ధి వేస్తుంది.

పైకి ఎక్కాక ముందుగా గుండ్రని ఇటుక కట్టడం దగ్గరకు వెళ్లండి. మోకాళ్ల మీద కూర్చుని ఒక ఇటుకను పరిశీలించండి. నేటి ఇటుక కంటే ఎంతో వెడల్పుగా, పలకలా ఉంటుంది. ముట్టుకోవడానికి తప్పు లేదు గానీ, గోడల మీద ఎక్కడం, పేర్లు చెక్కడం చేయకండి. ఆ తరువాత ఉత్తరం అంచుకు నడిచి, వంశధార వైపు తిరగండి. ఇసుక మేటల మధ్య నది పాయలుగా చీలి తూర్పుకు సాగుతూ కనిపిస్తుంది, ఆ చివరనే ఉదయం మీరు కూర్చున్న మొగ. సముద్రం మీదకు వెళ్లే వర్తకులు, నది వెంట వచ్చే ధాన్యం, ఈ కొండ మీద భిక్షువులు, ఎగువన గాంగరాజుల కళింగనగరంగా చరిత్రకారులు గుర్తించిన ముఖలింగం, ఇవన్నీ ఒకే నీటి దారి మీద ఉన్నాయని ఇక్కడి నుంచి చూసినప్పుడే నాకు మొదటిసారి అర్థమైంది. అందుకే తీరాన్ని ముందు చూసి, కొండను తరువాత ఎక్కమంటున్నాను.

శ్రీకూర్మం, అరసవల్లి

ఆలయాలు మధ్యాహ్నం మూసివేస్తారు కనుక కొండ మీద ఆలస్యమైతే శ్రీకూర్మం దర్శనం సాయంత్రానికి మార్చుకోండి. మూలమూర్తి పడమటి ముఖంగా ఉండడం, రెండు ధ్వజస్తంభాలు ఉండడం ఇక్కడి విశేషాలు. స్తంభాల మీద ఉన్న శాసనాలను, ప్రాకార మండపంలోని పాత చిత్రాలను తొందరపడక చూడండి. ఆవరణలో పెంచుతున్న నక్షత్ర తాబేళ్లు పిల్లలకు బాగా నచ్చుతాయి. అరసవల్లి సూర్యనారాయణ స్వామి ఆలయం పట్టణాన్ని ఆనుకునే ఉంది కాబట్టి తిరుగు ప్రయాణంలో చివరగా పెట్టుకోవచ్చు. మార్చిలోనూ అక్టోబరు మొదట్లోనూ కొద్దిరోజులపాటు ఉదయపు కిరణాలు స్వామి పాదాలను తాకే సందర్భం కోసమే వచ్చేవారు మాత్రం, ఆ తెల్లవారుజామును అరసవల్లికే కేటాయించి, తీరానికి మరుసటి రోజు వెళ్లాలి.

వెంట ఉండవలసినవి

మార్చుకోవడానికి ఒక జత బట్టలు, తువాలు, కాళ్లు కడుక్కోవడానికి అదనంగా ఒక క్యాను మామూలు నీళ్లు, కొండకు పట్టు ఉన్న చెప్పులు, చెత్త వేసుకోవడానికి ఒక సంచి. భోజనం శ్రీకాకుళంలో కట్టించుకుని తెచ్చుకుంటే నిశ్చింత. పులిహోర, పెరుగన్నం ఎండకు తట్టుకుంటాయి. ఆకులు, సీసాలు, గ్లాసులు సరుగుడు చెట్ల కింద వదలకుండా అదే సంచిలో వెనక్కి తీసుకువెళ్లండి. గాలికి ఎగిరినదంతా సాయంత్రానికి మత్స్యకారుల వలల్లోకే చేరుతుంది.

తెల్లవారుజామున రాలేక సాయంత్రమే వచ్చేవారు ఈ వరుసను తిరగవేసి, శ్రీకూర్మంతో మొదలుపెట్టి, కొండ మీద నుంచి నాలుగున్నరకు దిగి, తీరంలో ముగించవచ్చు. శీతాకాలంలో అయిదున్నర దాటగానే చీకటి పడుతుంది కనుక ఆ వేళకే పిల్లలను నీటి అంచు నుంచి వెనక్కి పిలవండి. తాబేళ్లు గుడ్లు పెట్టే నెలల్లో అయితే బండి హెడ్‌లైట్లు సముద్రం వైపు పడకుండా ముందే తిప్పి నిలుపుకోండి. గుడ్ల నుంచి బయటకు వచ్చే పిల్లలు వెలుతురున్న దిక్కే సముద్రమని నమ్మి ఊరివైపు నడుస్తాయి.